మడతలో దాచిన ఎదుగుదల: చోళపురం సీమలో పిల్లల బట్టల చరిత్ర

పిల్లల బట్ట పెద్దల బట్టకు చిన్న రూపమా, లేక దానికి వేరే లెక్క ఉన్నదా అన్న ప్రశ్నకు ప్రతి సీమా తన ఎండను బట్టి, తన పంటను బట్టి, తన కట్టుబాట్లను బట్టి జవాబు చెప్పుకుంటూ వచ్చింది. తమిళనాడులో విరుదునగర్ జిల్లా రాజపాళయం తాలూకాకు చెందిన చోళపురం, దానికి ఇరుగుపొరుగున ఉన్న తళవాయ్‌పురం, ముగవూరు, సేత్తూరు వంటి ఊళ్ళు ఆ జవాబులను వరుసగా చూడడానికి అనువైన చోటు. పడమట కనుమలు, తూర్పున పత్తి పండే నల్లరేగడి, మధ్యలో నూలుమిల్లులు, గాయాలకు చుట్టే కట్టుగుడ్డ నేసే మరమగ్గాలు, నైటీలు కుట్టే ఇళ్ళు ఉన్న ఈ భాగంలో పత్తికాయ మొదలు కుట్టిన బట్ట దాకా అన్ని దశలూ ఒక పూట ప్రయాణంలో కనిపిస్తాయి. పైగా తమిళుల నడుమ శతాబ్దాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ కాపురముంటున్నందువల్ల ఒకే బట్టకు రెండు భాషల పేర్లు, ఒకే ఆచారానికి రెండు వాడుకలు పక్కపక్కనే నిలిచాయి.

'వయసుకు తగ్గ బట్ట' అన్న మాటలో రెండు కొలతలు కలిసి ఉన్నాయి. ఒకటి ఒంటి కొలత, అంటే పొడవు, ఛాతీ, నడుము. రెండోది మర్యాద కొలత, అంటే ఏ ప్రాయంలో ఒంటిని ఎంతవరకు కప్పాలన్న ఇంటివారి నిర్ణయం. ఈ రెండు కొలతలనూ చాలాకాలం ఇల్లాలు, ఊరి దర్జీ కలిసి ఒకే గుడ్డలో సరిపెట్టారు. ఆ పని వారి చేతుల నుంచి బజారుకు ఎలా మారిందో, మారినప్పుడు గుడ్డలో ఏది తరిగిపోయిందో చూస్తే, పిల్లలకు ఒద్దికైన బట్టలు దొరకడం లేదని నేటి తల్లిదండ్రులు పడే ఇబ్బందికి మూలం తెలుస్తుంది.

పొత్తిగుడ్డ, మొలతాడు, సిగ్గుబిళ్ళ

బిడ్డకు మొదటి బట్ట పాతబట్ట. పుట్టిన శిశువును చుట్టే గుడ్డలను తెలుగులో పొత్తిగుడ్డలు లేదా పొత్తిళ్ళు అంటారు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన పాత చీరనో పంచెనో చించి పొత్తిగుడ్డలు చేయడం, మరో పాత చీరను దూలానికి వేలాడదీసి ఉయ్యాల కట్టడం తెలుగిళ్ళలోనూ తమిళుల ఇళ్ళలోనూ ఒకటిగా ఉన్న ఆచారాలు. గంజి పెట్టిన కొత్త గుడ్డ పసి ఒంటికి ఒరుసుకుంటుందన్న అనుభవం ఒకవైపు, పురిటి మైల తీరి బారసాల జరిగేదాకా కొత్తబట్ట తొడగరాదన్న నియమం మరొకవైపు ఈ పద్ధతిని నిలబెట్టాయి. బారసాల అంటే బిడ్డకు పేరు పెట్టి ఉయ్యాలలో వేసే వేడుక.

ఆ తరువాత బిడ్డ ఒంటి మీదకు వచ్చేది బట్ట కాదు, తాడు. నడుముకు కట్టే నల్లదారాన్నో వెండి గొలుసునో తెలుగువారు మొలతాడు అనీ, తమిళులు అరైజ్ఞాణ్ కయిఱు అనీ అన్నారు. రెండో మాట వాడుకలో అర్ణాకయిరుగా మారింది. దిష్టి తగలకుండా కాపాడడం దాని మొదటి పని. గోచీని నిలపడం రెండో పని. గోచి అంటే మొలతాడులో ముందు ఒక కొస, వెనుక ఒక కొస దోపి కట్టుకునే పేలిక. సంస్కృతంలో దీనినే కౌపీనమన్నారు. తాడు బిగుసుకుంటే బిడ్డ ఒళ్ళు చేసిందని తల్లి గ్రహించి మార్చి కట్టేది కాబట్టి, కొలిచే టేపు లేని ఇంట్లో మొలతాడే ఎదుగుదల కొలబద్ద కూడా అయింది.

చోళపురానికి ఉత్తరాన, రాజపాళయానికి పొరుగునే ఉన్న శ్రీవిల్లిపుత్తూరు, బాల్యాన్ని మెట్లు మెట్లుగా చూసిన సాహిత్యానికి పుట్టిల్లు. 9వ శతాబ్దికి చెందినవాడిగా పండితులు భావించే పెరియాళ్వార్ తన తిరుమొళిలో కృష్ణుడిని పాపడిగా చేసుకుని, ఉయ్యాల, పాకడం, చప్పట్లు కొట్టడం, తప్పటడుగులు, చెవులు కుట్టడం వంటి దశలను ఒక్కొక్కటిగా పాడాడు. తరువాతి కాలంలో పిళ్ళైత్తమిళ్ అనే ప్రక్రియ ఆ దశలను పది పరువాలుగా స్థిరపరచింది. పరువమంటే ఇక్కడ పసితనంలోని ఒక ఘట్టం. ఈ పెరియాళ్వారే తెలుగువారికి విష్ణుచిత్తుడిగా, ఆయన పెంచిన ఆండాళ్ గోదాదేవిగా పరిచయం కావడానికి 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యద కారణం. బాల్యం ఒక ముద్ద కాదని, అది వరుసగా ఎక్కే మెట్లని చెప్పే ఊహ ఈ నేలకు కొత్తది కాదు. బట్టల విషయంలోనూ అదే ఊహ పనిచేసింది.

మొలతాడు తరువాతి మెట్టుకు గుర్తు ఒక లోహపు బిళ్ళ. నడవడం, వీధిలో ఆడడం మొదలైన ఆడపిల్లకు మొలతాడు నుంచి ముందుకు వేలాడేలా కట్టిన రావి ఆకు ఆకారపు వెండి లేదా బంగారు రేకును తెలుగులో సిగ్గుబిళ్ళ అన్నారు. తమిళులు దానిని అరైమూడి, అంటే మొలను మూసేది అన్నారు. ఎండ మండే నేలలో ఒంటి నిండా గుడ్డ కప్పితే చెమటకాయలు, పుళ్ళు తప్పవు. కప్పకుండా వదిలేయడానికి మర్యాద ఒప్పదు. ఆ రెంటి నడుమ వచ్చిన ఏర్పాటు ఈ బిళ్ళ. కలవారి ఇంట అది బంగారం, మధ్యతరగతి ఇంట వెండి, లేనివారి ఇంట అసలు ఉండేది కాదు. మగపిల్లవాడికి మాత్రం ఇటువంటి మూత అవసరమని ఎవరూ అనుకోలేదు. అతడు గోచి పెట్టే వయసు దాకా మొలతాడుతోనే తిరిగేవాడు. ఒద్దిక భారం ఆడపిల్ల మీద ముందుగా, మగపిల్లవాడి మీద ఆలస్యంగా పడడం ఈ తొలి ఆభరణంలోనే కనిపిస్తుంది.

పావడ, ఓణీ, కోక: మూడు మెట్లు

విజయనగర పాలన దక్షిణానికి విస్తరించి, దాని ప్రతినిధులుగా మొదలైన నాయకులు 16వ శతాబ్దంలో మదురైలో నిలదొక్కుకున్నప్పుడు తెలుగు కుటుంబాలు అలలుగా ఈ వైపుకు తరలివచ్చాయి. మదురై రాజ్యాన్ని పాళయాలుగా పంచినట్లు చరిత్ర చెబుతుంది. పాళయమంటే సైన్యాన్ని పోషించే బాధ్యతతో ఒక నాయకుడికి అప్పగించిన భూభాగం. సేత్తూరు, శివగిరి అటువంటి పాళయాలు. రాజపాళయం పేరు అక్కడ స్థిరపడిన తెలుగు రాజుల వల్ల వచ్చింది. వారితో పాటు కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులు ఈ రేగడి నేలల్లో ఊళ్ళు కట్టుకున్నారు. ఇటువంటి ఒక వలస జ్ఞాపకాన్ని కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ 1976లో వెలువడిన గోపల్ల గ్రామం అనే తమిళ నవలగా మలిచాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అన్న ఏర్పాటు ఈ కుటుంబాల్లో నేటికీ సాగుతున్నది.

ఈ ఇళ్ళలో ఆడపిల్ల బట్టకు మూడు మెట్లున్నాయి. మొదటిది పావడ, నడుము దగ్గర కుచ్చులు పోసి నాడాతో బిగించే పొడుగాటి పరికిణీ. తమిళులు పావాడై అంటారు. దానిమీద చిన్న చొక్కానో జాకెట్టో వేస్తారు. రెండోది ఓణీ, ఈడేరిన పిల్ల పావడ మీద పైటలా చుట్టుకునే రెండున్నర మూడు గజాల వస్త్రం, తమిళంలో తావణి. మూడోది కోక, అంటే చీర. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దాటడం పిల్ల ఇష్టానికో అంగడి సరుకుకో సంబంధించిన విషయంగా ఉండేది కాదు. ఈడేరిన వేడుకలో మేనమామ ఇంటివారు తెచ్చిన బట్టతో ఓణీ, పెళ్ళితో నిండు చీర వచ్చేవి. ఏ బట్ట తగినదన్న ప్రశ్నకు బంధువర్గమంతా కలిసి, అందరి ముందు జవాబు చెప్పేది.

అయితే ఈ మూడు మెట్ల మధ్య దూరం అన్ని కాలాల్లో ఒకేలా లేదు. పెళ్ళి పది పన్నెండేళ్ళకే జరిగే కుటుంబాల్లో పావడ నుంచి పిల్ల నేరుగా చిన్న చీరలోకి వెళ్ళేది. ఓణీకి దాదాపు చోటే ఉండేది కాదు. 1929లో చేసి 1930 ఏప్రిల్ నుంచి అమలులోకి తెచ్చిన బాల్యవివాహ నిరోధ చట్టం, అంటే శారదా చట్టం, ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 14 ఏళ్ళుగా నిర్ణయించింది. 1949లో అది 15కు, 1978లో 18కి పెరిగింది. చట్టం ఒక్కటే పెళ్ళిళ్ళను ఆపలేదు గాని, దానికి తోడు ఉన్నత పాఠశాలలు పట్టణాల్లో పెరగడంతో ఈడేరడానికీ పెళ్ళికీ మధ్య ఏళ్ళు పొడుగయ్యాయి. అలా పొడుగైన ఏళ్ళకు తగిన బట్ట ఓణీ అయింది. నేడు ప్రాచీనమని అందరూ భావించే లంగా ఓణీ ఇంత విస్తృతంగా, ఇన్నేళ్ళపాటు వేసుకునే దుస్తుగా నిలవడం చాలావరకు 20వ శతాబ్దపు పరిణామం.

ఐరోపాలోనూ పిల్లల బట్ట ఇటువంటి మార్పులకే లోనైంది. అక్కడ మధ్యయుగంలో పొత్తిళ్ళు దాటిన పిల్లలకు పెద్దల బట్టలనే చిన్నవిగా కుట్టేవారని, సంపన్నుల ఇళ్ళలో పిల్లలకు ప్రత్యేక వేషం 17వ శతాబ్దం నాటికి గాని స్పష్టపడలేదని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. తరువాతివారు ఆ వాదంలోని అతిశయాన్ని విమర్శించినా, బట్ట ద్వారా బాల్యాన్ని చదవవచ్చునన్న ఆయన పద్ధతి నిలిచింది. 1846లో వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు విక్టోరియా రాణి కుమారుడిని నావికుడి దుస్తుల్లో చిత్రించిన తరువాత ఆ వేషం క్రమంగా ఐరోపా పిల్లలందరిదీ అయింది. ఇక్కడ పావడ మేనమామ చేతి నుంచి వస్తే, అక్కడ నావికుడి చొక్కా రాజకుటుంబాన్ని చూసి వచ్చింది.

ఒద్దిక ఎవరి హక్కు

మర్యాదగా కప్పుకోవడం అందరికీ అందుబాటులో ఉన్న ఎంపిక అనుకోవడం చరిత్రకు విరుద్ధం. చోళపురానికి పడమట, కనుమలకు అవతల ఉన్న తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు రవికె తొడగడానికీ పైబట్ట కప్పుకోవడానికీ 19వ శతాబ్దపు తొలి సగమంతా పోరాడవలసి వచ్చింది. 1859లో మహారాజు ఉత్తరం తిరునాళ్ ఇచ్చిన ప్రకటన వారు పైభాగం కప్పుకోవడానికి అనుమతించినా, పై కులాల స్త్రీలలా కప్పుకోరాదన్న షరతును మిగిల్చింది.

కనుమలకు ఇవతలి కథ కూడా భిన్నంగా లేదు. 1910లో ఏర్పడిన రామనాథపురం జిల్లాలో రాజపాళయం ప్రాంతం కూడా భాగంగా ఉండేది. ఆ జిల్లాలో 1930 చివర భూమిపై ఆధిపత్యమున్న ఒక కులంవారు దళితులైన ఆదిద్రావిడులకు విధించిన ఎనిమిది నిషేధాలను జె. హెచ్. హట్టన్ తన కులవ్యవస్థ గ్రంథంలో నమోదు చేశాడు. పురుషులు మోకాలి కిందికి బట్ట కట్టరాదు, చొక్కా గాని బనియన్ గాని తొడగరాదు, స్త్రీలు రవికెతో గాని తావణితో గాని పైభాగం కప్పరాదు అన్నవి ఆ నిషేధాల్లో ఉన్నాయి. మరుసటి ఏడు ప్రకటించిన మరికొన్ని నిషేధాల్లో వారి పిల్లలు చదువు నేర్వరాదన్నది ఒకటి. ఒక ఇంట ఓణీ ఆడపిల్ల గౌరవానికి గుర్తుగా వేడుకతో వచ్చిన కాలంలోనే, అదే జిల్లాలో మరో ఇంటి ఆడపిల్లకు అదే ఓణీ నేరమైంది. ఒద్దిక గురించిన ఏ చర్చ అయినా ఈ వాస్తవాన్ని పక్కన పెట్టి సాగితే అది సగం చరిత్రే అవుతుంది.

ఇదే సీమలో 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ తన వేషాన్ని కొల్లాయికి కుదించుకున్నాడు. కొల్లాయి అంటే మొలకు చుట్టే పొట్టి పంచె. పేదలకు విదేశీ వస్త్రం వదిలి ఖాదీ కొనే స్తోమత లేనప్పుడు, గుడ్డ తగ్గించుకోవడమే తాను చూపగల దారి అని ఆయన భావించాడు. ఈ సంఘటనకూ ఆ ఎనిమిది నిషేధాలకూ మధ్య పదేళ్ళు లేవు. కోరి తక్కువ కట్టుకోవడం త్యాగమై పూజలందుకుంది, కప్పుకుందామని కోరడం మాత్రం ధిక్కారమై శిక్షకు గురైంది.

పత్తి, మిల్లు, కుట్టుమిషను

పిల్లలకు కుట్టిన బట్ట విరివిగా అందడానికి మూడు మార్పులు కారణమయ్యాయి: గుడ్డ చవక కావడం, కుట్టుమిషను రావడం, రైలు రావడం. తిరునెల్వేలి రేగడిలో కరుంగణ్ణి అనే పొట్టి పింజె పత్తి పూర్వం నుంచీ పండేది. 20వ శతాబ్దం తొలి దశకంలో విరుదుపట్టి, అంటే నేటి విరుదునగర్ ప్రాంతంలో కంబోడియా పత్తి ప్రవేశించి సన్నని నూలుకు దారి తీసింది. 1892లో హార్వే సోదరులు మదురైలో మిల్లు పెట్టగా, 1927లో విరుదునగర్, తెన్‌కాశి మధ్య రైలుమార్గం తెరుచుకుని రాజపాళయాన్ని పెద్ద బజార్లతో కలిపింది. 1936లో పి. ఎ. సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్‌ను, 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్‌ను స్థాపించాడు. దగ్గరలోని ఛత్రపట్టిలో మగ్గాల మీద కట్టుగుడ్డ నేత స్థిరపడి, ఆ ఊరు దేశంలో ఆసుపత్రులకు గుడ్డ పంపే కేంద్రాల్లో ఒకటయింది.

కుట్టేవారి విషయానికి వస్తే, మదురై, తిరునెల్వేలి జిల్లాల్లో పాణర్లు దర్జీ పని చేసేవారని 1891 నాటి మద్రాసు జనగణన నివేదిక చెప్పింది. చేతికుట్టు కాలంలో కుట్టిన బట్ట ఖరీదైనది కాబట్టి పిల్లల దాకా అరుదుగా వచ్చేది. 1851లో పేటెంటు పొందిన సింగర్ కుట్టుమిషను 19వ శతాబ్దం చివరి పాదంలో భారతదేశంలో అమ్మకానికి వచ్చింది. 1930లలో కలకత్తాలో తయారైన ఉషా మిషను దానిని మరింత అందుబాటులోకి తెచ్చింది. ఊరి అరుగు మీద మిషను పెట్టుకుని కూర్చున్న దర్జీ, దీపావళికి ముందు రాత్రింబవళ్ళు తొక్కడం 20వ శతాబ్ది మధ్యనాటికి ఈ సీమలో మామూలు దృశ్యమైంది. ఆంధ్రదేశంలో పిల్లలకు కొత్తబట్టల పండుగ సంక్రాంతి అయితే, ఇక్కడి తెలుగువారు చుట్టూ ఉన్నవారి వాడుకలో కలిసి దీపావళికే బట్టలు కుట్టించారు. కొత్తబట్ట అంచుకు పసుపు పెట్టి తొడగడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

పిల్లల బట్ట కుట్టడంలో ఆ దర్జీ చూపిన నేర్పు రెండు విషయాల్లో స్పష్టం. మొదటిది బాడీ పావడ. నాలుగైదేళ్ళ పిల్లకు బొజ్జ ముందుకు ఉంటుంది, తుంటి ఇంకా ఏర్పడదు. నాడా ఎంత బిగించినా పావడ జారిపోతుంది, మరీ బిగిస్తే నడుము ఒరుసుకుంటుంది. అందుకని చేతుల్లేని చిన్న చొక్కాకు పావడను కలిపి కుట్టి, బరువంతా భుజాల మీద వేలాడేలా చేశారు. ఇదే బాడీ పావడ లేదా బాడీ లంగా. పిల్ల పరుగెత్తినా చెట్టెక్కినా బట్ట నిలిచేది; మర్యాద కోసం ఆట మానవలసిన పని పడేది కాదు.

రెండోది మడత. పావడ కింది అంచుకు పైన, చుట్టూ ఒకటి రెండు అంగుళాల గుడ్డను లోపలికి మడిచి, వరుసగా రెండో మూడో అడ్డకుట్లు వేస్తారు. వీటిని టక్కులు అంటారు. పిల్ల ఎదిగిన కొద్దీ ఏడాదికొక టక్కు విప్పితే పావడ మళ్ళీ చీలమండ దాకా వస్తుంది. జాకెట్టు పక్కల్లోనూ భుజాల దగ్గరా అదే విధంగా గుడ్డ వదిలి కుట్టేవారు. కొలత తీసుకునేటప్పుడు ఎదిగే పిల్ల కదా అని తల్లి గుర్తుచేయడం, పొడుగు పెట్టి కుడతానని దర్జీ చెప్పడం ఆ వ్యవహారంలో భాగం. పొదుపు, ఒద్దిక అనే రెండు అవసరాలనూ ఒకే మడత తీర్చింది. గుడ్డ వృథా కాలేదు, కాలు బయటపడలేదు, అక్క పావడ చెల్లెలికి దిగినప్పుడు విప్పిన టక్కులు మళ్ళీ వేయడానికీ వీలు మిగిలింది.

బడి బట్ట

ఇల్లు, దర్జీ తరువాత పిల్లల బట్టను నిర్ణయించిన మూడో శక్తి బడి. బడులను నడిపే ప్రభుత్వానికి ఆ దశలో ఈ సీమవారే నాయకులయ్యారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి. ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. 1954లో ఆ పదవికి వచ్చిన కె. కామరాజ్ విరుదునగర్ వాసి. కామరాజ్ కాలంలో 1956లో ప్రభుత్వం బడి పిల్లలకు మధ్యాహ్న భోజనాన్ని విస్తరించింది. విద్యాశాఖ సంచాలకుడు ఎన్. డి. సుందరవడివేలు చొరవతో బడుల బాగు కోసం గ్రామస్థుల నుంచి విరాళాలు సేకరించే ఉద్యమం నడిచింది. బీద, ధనిక పిల్లలు ఒకే రంగు బట్టలో ఒకే బెంచీ మీద కూర్చోవాలన్న ఆలోచన ఆ కాలంలోనే బలపడి, యూనిఫాం ప్రభుత్వ బడుల్లోకి వచ్చింది. 1982లో పౌష్టికాహార పథకం ప్రారంభించిన ఎం. జి. రామచంద్రన్ ప్రభుత్వం ఆ దశకంలోనే భోజనం తినే పిల్లలకు ఉచితంగా యూనిఫాం ఇచ్చే ఏర్పాటు చేసింది. కాలక్రమంలో అది ఏటా నాలుగు జతలకు పెరిగింది. ఆ బట్టలను కుట్టే పనిని సాంఘిక సంక్షేమ శాఖ మహిళా దర్జీ సహకార సంఘాలకు అప్పగించింది.

1930, 1931లలో చొక్కా తొడగరాదు, చదువు నేర్వరాదు అన్న రెండు నిషేధాలు వెలువడిన జిల్లాలో, సుమారు ముప్ఫై ఏళ్ళకే చొక్కా తొడుక్కుని రావడమే చదువుకు నియమం కావడం చిన్న మార్పు కాదు. ఒద్దికైన బట్ట కులం ఇచ్చే అనుమతిగా ఉన్న స్థితి నుంచి ప్రభుత్వం తీర్చే బాధ్యతగా మారింది. అయితే బడి బట్టకు తన లోపం తనకుంది. అందరికీ ఒకే లెక్కన కుట్టిన నిక్కరు ఒకరికి వదులు, ఒకరికి బిగువు. చాలాకాలం వాడి వెనుక చిరిగిపోయిన నిక్కరుకు తమిళ పిల్లలు తపాలాపెట్టె అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఉన్నత పాఠశాల ఆడపిల్లలకు పావడ తావణి ఏళ్ళ తరబడి యూనిఫాంగా ఉండి, 21వ శతాబ్దంలో సల్వార్ కమీజుకు చోటిచ్చింది. సైకిలు తొక్కడానికీ బస్సెక్కడానికీ అది అనువుగా ఉండడం ఈ మార్పును సులభం చేసింది. మేనమామ తెచ్చిన ఓణీతో మొదలైన మెట్టు తరగతి సంఖ్యకు కట్టుబడిన మెట్టుగా మారడం ఇక్కడ పూర్తయింది.

కొలత సంఖ్యగా మారినప్పుడు

చోళపురం చుట్టుపక్కల ఊళ్ళకు, ముఖ్యంగా తళవాయ్‌పురానికి, నేడు పేరు తెచ్చిన సరుకు నైటీ. ఇంగ్లీషువారి రాత్రి దుస్తు పేరుతో వచ్చి దక్షిణ భారతదేశంలో పగటిపూట ఇంటి బట్టగా స్థిరపడిన ఈ వదులైన పొడుగు గౌను, తల నుంచి తొడిగేది, మడమల దాకా కప్పేది, కొలత పెద్దగా అడగనిది. యజమాని గుడ్డను పొరలు పొరలుగా పరిచి కోయించి ఇస్తే, స్త్రీలు ఇళ్ళలోనూ చిన్న షెడ్లలోనూ కుట్టి, ఉరువుకు ఇంత అని కూలి తీసుకుంటారు. నైటీలతో పాటు చీర కింద కట్టే లోపావడలు కూడా ఈ ఊళ్ళ నుంచి బయటి బజార్లకు వెళ్తాయి. ఒక్కొక్కరి ఒంటిని కొలిచి కుట్టే దర్జీ పని, కొలవని ఒళ్ళ కోసం వందల సంఖ్యలో కుట్టే పనిగా మారడం ఈ సీమ తన కళ్ళెదుటే చూసింది.

పిల్లల రెడీమేడ్ బట్టకు మాత్రం తమిళనాడులో పెద్ద కేంద్రం తిరుప్పూర్. అక్కడి అల్లిక పరిశ్రమలో మొదటిదిగా చెప్పే సంస్థ 1925లో మొదలైంది. దాని పేరు బేబీ నిట్టింగ్ ఇండస్ట్రీస్. బనియన్లతో ప్రారంభమైన ఆ పట్టణం 1970ల చివరి నుంచి ఎగుమతుల వైపు మళ్ళి, ప్రపంచమంతటా పిల్లలు తొడిగే బట్టలు కుట్టింది. ఎగుమతితో పాటు కొత్త నియమాలూ వచ్చాయి. జారుడుబల్లలకూ బస్సు తలుపులకూ చిక్కుకుని ప్రాణాపాయం కలిగిన సంఘటనల వల్ల అమెరికా 1990లలో పిల్లల బట్టల నాడాలపై మార్గదర్శకాలు చేసింది. ఐరోపాలో ఇ.ఎన్. 14682 అనే ప్రమాణం ఏడేళ్ళలోపు పిల్లల బట్టల్లో మెడ దగ్గరా తల కప్పు దగ్గరా నాడాలను నిషేధించింది. దిష్టి నుంచి కాపాడాలని బిడ్డకు తాడు కట్టిన నేల, ప్రమాదం నుంచి కాపాడాలని పరాయి బిడ్డల బట్ట నుంచి తాడు తీసివేయడం నేర్చుకుంది.

రెడీమేడ్ బట్టలో వయసు సంఖ్యగా మారుతుంది. మన బజార్లలో పిల్లల గౌనులకు 16, 18, 20, 22 అని రెండేసి అంగుళాల తేడాతో సైజులుంటాయి. అంగడివాడు పాపకు ఎన్నేళ్ళని అడిగి ఒక సంఖ్యను చూపుతాడు. ఒకే నమూనాను చిన్నవిగానూ పెద్దవిగానూ మార్చుకుంటూ అన్ని సైజులూ కోసే పద్ధతిని గ్రేడింగ్ అంటారు. నమూనా పిల్లల ఒంటి నుంచి పుట్టినదైతే ఇబ్బంది లేదు. పెద్దల బట్టల్లో నడుస్తున్న తీరును తగ్గించి పిల్లలకు కోసినప్పుడు మాత్రం సన్నని భుజపట్టీలు, కోసిన వీపులు, నడుము కనిపించే పొట్టి చొక్కాలు ఆరేళ్ళ సైజులోకి దిగుతాయి. ఆరియెస్ మధ్యయుగానికి ఆపాదించిన చిన్న పెద్దమనిషి ఈ విధంగా మళ్ళీ బజారులో ప్రత్యక్షమయ్యాడు. తెరమీద నటీనటులు కట్టిన బట్ట పేరుతో పండుగకు కొత్త రకాలు దిగడం, గుడ్డ తగ్గితే ఉరువు ఖర్చు తగ్గడం ఈ ధోరణికి తోడయ్యాయి.

వీటికన్నా తక్కువగా గమనానికి వచ్చిన కారణం ఒకటి కుట్టులోనే ఉంది. రెడీమేడ్ బట్టల అంచులను కుట్టే ఓవర్‌లాక్ యంత్రం, దారపు అల్లికతో అంచును బిగిస్తూనే, దాని పక్కన అమర్చిన కత్తితో మిగులు గుడ్డను కోసివేస్తుంది. పని వేగంగా సాగుతుంది, పోగులు విడిపోవు, బట్ట లోపల శుభ్రంగా కనిపిస్తుంది. కాని విప్పి వదులు చేయడానికి లోపల గుడ్డ ఉండదు. దర్జీ ఏ అంగుళాన్ని రేపటి కోసం దాచాడో ఆ అంగుళాన్నే యంత్రం చెత్తగా రాల్చింది. అందువల్ల తొడిగిన ఏడాదికే గౌను మోకాలి పైకి చేరుతుంది, చొక్కా బొడ్డు దాటదు, బట్ట చిరగకముందే పొట్టిదవుతుంది. కొన్ననాడు వయసుకు తగిన బట్ట కూడా ఏడాదిలోపే తగనిదైపోవడానికి అభిరుచి కంటే ఈ కోత ఎక్కువ కారణం.

తల్లిదండ్రులు దీనికి తమ పద్ధతిలో సర్దుబాట్లు చేసుకున్నారు. వయసు కంటే రెండు సైజులు పెద్దది కొనడం, గౌను కింద లెగ్గింగ్ అనే బిగుతు పొడుగు లాగు తొడగడం, చేతుల్లేని దానికి విడిగా చేతులు కుట్టించడం అందులోనివి. కొన్ని గౌనులకు చేతుల గుడ్డను లోపల విడిగా పెట్టి అమ్మడం, కావలసినవారు కుట్టించుకునే వీలు మిగల్చడం తల్లికీ దర్జీకీ మధ్య సాగిన ఆ పాత సంభాషణకు మిగిలిన శేషం.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. పట్టుపావడకు ఈ సీమలో నేటికీ దర్జీయే ఆధారం. గుడ్డ ఖరీదైనది కాబట్టి తల్లులు టక్కులు వేయించడం మానలేదు. మొలతాడుతో తిరిగిన బిడ్డ కాలం మళ్ళీ రావాలని గాని, ఓణీ ఎవరికి తగునో కులం చెప్పిన కాలం మంచిదని గాని చరిత్ర చదివినవారెవరూ అనలేరు. అయితే పిల్లల ఒంటికి తగిన మర్యాద ఎంత పొడవన్నది ఒక్కసారి కోసి ముగించే కొలత కాదని ఆ మడత గుర్తుచేస్తుంది. నూలుపావడ టక్కు విప్పిన చోట, ఎండకూ ఉతుకుకూ వెలిసిన గుడ్డ నడుమ ఏడాదిపాటు లోపల దాగిన రంగు ఒక నిండు చారగా బయటపడుతుంది. రెండు టక్కులు విప్పిన పావడ మీద అటువంటి చారలు రెండుంటాయి. ఆ పిల్ల ఎన్నేళ్ళు ఎదిగిందో వాటిని లెక్కపెట్టి చెప్పవచ్చు.